మారిషస్‌కు మంచి గవర్నరు ఎవరు?

మారిషస్ చరిత్ర గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: అంతమంది గవర్నర్లలో మంచివాడెవరు? ఫ్రెంచి కాలం మీద మోజున్నవాళ్లు లా బుర్దొనే పేరు చెబుతారు. చెరకు కూలీల తరఫున మాట్లాడేవాళ్లు ఆర్థర్ గోర్డన్ అంటారు. ఇంకాస్త చదివినవాళ్లు పోప్ హెనెస్సీని ముందుకు తెస్తారు. నా పేచీ ఈ జవాబులతో కాదు, ఆ ప్రశ్నతోనే.

ఆ ద్వీపాన్ని డచ్చివాళ్లు 1638 నుంచి 1710 దాకా, మధ్యలో కొన్నేళ్లు వదిలేసి, ఏలారు. ఫ్రెంచివాళ్లు 1721 నుంచి 1810 దాకా, ఇంగ్లీషువాళ్లు 1810 నుంచి 1968 దాకా ఉన్నారు. మూడు జెండాలు, పదుల కొద్దీ గవర్నర్లు. అయితే ఓడ దిగిన ప్రతి గవర్నరు ముందూ ఉన్న పని దాదాపు ఒకటే. తోటల్లో పని ఆగకూడదు, ఆ పనికి మనుషులు కావాలి, వచ్చిన మనుషులు పారిపోకూడదు. అతను దయగలవాడా, కోపిష్టివాడా, నిజాయితీపరుడా అన్న లెక్క ఈ మూడూ అయ్యాకే. వ్యక్తి గుణాన్ని బట్టి మార్కులు వేసుకుంటూ పోతే ఈ ఉద్యోగ స్వభావం మన కంటికి ఆనదు.

డచ్చివాళ్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించిందనీ, నల్లచేవ చెట్లను నరికి ఓడలకెత్తారనీ అందరికీ తెలిసిందే. కానీ 1639లో వచ్చిన గవర్నరు ఆద్రియాన్ వాన్ డెర్ స్టెల్ చేసినవి గమనించాలి. చెరకు మొక్కను తెచ్చి నాటించింది అతనే. జావా నుంచి జింకల్ని దింపిందీ అతనే. మడగాస్కర్ నుంచి బానిసలను తెప్పించిందీ అతనే. ఆ బానిసల్లో చాలామంది కొద్దికాలానికే అడవిలోకి పారిపోయారు. తర్వాతి మూడు వందల ఏళ్ల కథకు కావలసిన సరుకంతా ఆ ఒక్క గవర్నరు హయాంలోనే ఒడ్డుకు చేరింది. 1695లో, దియోదాతి గవర్నరుగా ఉండగా, కొందరు బానిసలు డచ్చి కోటకే నిప్పు పెట్టారు. ఇండోనేషియా వైపున్న అంబోయినా దీవి నుంచి తెచ్చిన ఆరోన్, బెంగాల్ నుంచి తెచ్చిన అన్నా వాళ్లలో ఉన్నారు. దొరికిపోయారు, మరణశిక్ష పడింది. ఆ ద్వీపంలో మన దేశపు మనిషి ఎదురు తిరిగిన తొలి సంఘటనల్లో ఇదొకటి. దియోదాతి మంచివాడో చెడ్డవాడో అన్నాను అడిగి చూస్తే ఏం చెప్పేదో ఊహించుకోవచ్చు.

ఇక లా బుర్దొనే. మొదటి కర్ణాటక యుద్ధం చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. మన పోటీ పరీక్షల పుస్తకాల్లో లాబోర్డినాయిస్ అని రాస్తారు. 1746లో మద్రాసును పట్టుకున్నవాడు ఈయనే. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవు దగ్గర, సముద్రం వైపు చూస్తూ ఈయన విగ్రహం ఉంటుంది. 1735లో గవర్నరుగా వచ్చేనాటికి పోర్ట్ లూయీ గుడిసెలున్న రేవు. పదేళ్లలో అక్కడ ఓడలు బాగుచేసే చోటు, ఆస్పత్రి, నీటి కాలువ, గవర్నరు భవనం, రోడ్లు లేచాయి. పాండిచ్చేరి నుంచి తాపీ మేస్త్రీలను, పనివాళ్లను పిలిపించాడు. చక్కెర మిల్లు పెట్టించాడు. ఇవన్నీ నిజాలే. ఒక మనిషి పట్టుదలకు ఇంత ఫలితం రావడం అరుదే.

ఆయన వ్యక్తిగత కథ కూడా మనసును పట్టేస్తుంది. మద్రాసును 11 లక్షల వరహాలకు ఇంగ్లీషువాళ్లకే తిరిగి ఇచ్చేస్తానని ఒప్పందం చేసుకుంటే, పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచి గవర్నరు డూప్లే అడ్డం తిరిగాడు. ఇద్దరూ ఒకే కంపెనీ మనుషులే, కానీ పడదు. చివరికి లా బుర్దొనేని పారిస్‌లో బాస్తీల్ జైల్లో పడేశారు. కాగితం, సిరా ఇవ్వలేదట. చేతిరుమాళ్లకు గంజి పట్టించి, ఆరబెట్టి, మసితో చేసిన సిరాతో తన వాదన వాటి మీద రాసుకున్నాడని చెబుతారు. 1751లో నిర్దోషి అని తేలింది, రెండేళ్లకే పోయాడు. ఇంత కథ ఉన్నవాడి మీద జాలి కలగకుండా ఎలా ఉంటుంది? నాకూ కలుగుతుంది.

అయితే ఆ రేవు కట్టిన చేతులు ఎవరివి? పాండిచ్చేరి మేస్త్రీలకైనా కూలి ముట్టింది. రాళ్లు మోసినవాళ్లలో ఎక్కువమంది మడగాస్కర్, ఆఫ్రికా తీరాల నుంచి తెచ్చిన బానిసలు. ఆయన హయాంలో బానిసల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. వాళ్లను చవకగా మేపడానికి కర్రపెండలం తెప్పించి నాటించాడు. పారిపోయినవాళ్లను వేటాడటానికి దళాలు పెట్టాడు. 1723 నాటి బానిసల చట్టం ఆయన చేసింది కాదు, కానీ అమల్లో ఉన్నది అదే: నెల రోజులు పారిపోతే చెవులు కోసి భుజం మీద వాత, రెండోసారి అయితే మోకాలి వెనక నరం కోత, మూడోసారి మరణం.

ఇక్కడ గోదావరి జిల్లాల వాళ్లు ఎవరైనా అడగొచ్చు, మరి మేం కాటన్ దొరకు దండలు వేస్తున్నాం కదా, అది తప్పా అని. నేను ఆ మాట అనను. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు చివరికి రైతు పొలంలోకే వచ్చాయి, ఆ పంట తిన్నవాడి మనవడే దండ వేస్తున్నాడు. కంపెనీకి దాని మీద శిస్తు వచ్చింది, అది వేరే లెక్క. పోర్ట్ లూయీ రేవు మోసినవాడికి ఆ రేవులో చారెడు చోటు రాలేదు. వాడి పిల్లలు కూడా యజమాని ఆస్తి కిందే జమ. ఆనకట్టనూ ఆ రేవునూ ఒకే గాటన కట్టలేం.

ఫ్రెంచి కాలంలో నాకు ఇంకా ముఖ్యంగా అనిపించే గవర్నరు మలార్తిక్. 1792 నుంచి 1800 దాకా ఉన్నాడు. ఫ్రెంచి విప్లవం వచ్చింది, 1794లో పారిస్ సభ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1796లో బాకో, బుర్నెల్ అనే ఇద్దరు ప్రతినిధులు ఆ చట్టం పట్టుకుని, సైన్యంతో సహా ద్వీపానికి వచ్చారు. తోటల యజమానులు వాళ్లను కొద్ది రోజుల్లోనే ఓడెక్కించి పంపేశారు. గవర్నరు ఏం చేశాడు? యజమానులతోనే నిలబడ్డాడు. పైనున్న ప్రభుత్వం చేసిన చట్టాన్ని కింద అమలు చేయని గవర్నరుకు శిక్ష పడలేదు సరికదా, పదవి కూడా పోలేదు. చచ్చేదాకా గవర్నరే.

అదే మలార్తిక్ 1798 జనవరిలో ఒక ప్రకటన అచ్చువేసి ఊళ్లో అంటించాడు. టిప్పు సుల్తాన్ రాయబారులు వచ్చారు, ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి ఆయనకు మనుషులు కావాలి, ఎవరైనా ముందుకు రండి అని. రహస్యంగా జరగాల్సిన పనికి గోడ మీద కాగితం! ఇంతా చేస్తే టిప్పు దగ్గరకు వెళ్లినవాళ్లు వందమంది కూడా లేరు. కానీ ఆ కాగితం కలకత్తా పత్రికల్లో పడింది. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి అంతకంటే ఏం కావాలి? అదే ఏడాది హైదరాబాద్‌లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకుని, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెంచిన దళాన్ని నిరాయుధం చేయించాడు. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం పడిపోయింది. రేమండ్ సమాధి ఇప్పటికీ ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. హైదరాబాద్‌లో ఆ దారిన రోజూ తిరిగేవాళ్లలో ఎంతమందికి ఈ మారిషస్ కాగితం సంగతి తెలుసో!

ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. సముద్రం అవతల ఒక రాజ్యం కూలడానికి సాకు ఇవ్వగలిగిన గవర్నరు, తన ఊళ్లో ఒక్క బానిసను విడిపించలేదు. విడిపించాలని అనుకోలేదు కూడా, అది వేరే మాట. అనుకున్నా జరిగేది కాదు, బాకో, బుర్నెల్‌ల ఓడే దానికి సాక్ష్యం.

1810 నవంబరు చివర్లో ఇంగ్లీషు సైన్యం ద్వీపం ఉత్తరపు కొసన దిగింది. అందులో మద్రాసు, బెంగాల్ సిపాయిలు కూడా ఉన్నారు. డిసెంబరు 3న ఫ్రెంచి గవర్నరు దెకాన్ లొంగిపోయాడు. లొంగుబాటు షరతులు చదివితే ఎవరు గెలిచారో అర్థం కాక తికమక పడతాం. ద్వీపవాసుల మతం, చట్టాలు, ఆచారాలు అలాగే ఉంటాయి, ఆస్తుల జోలికి పోము అని రాసిచ్చారు. ఆస్తులంటే మనుషులు కూడా. అప్పటికి మూడేళ్ల ముందే ఇంగ్లండు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. మొదటి ఇంగ్లీషు గవర్నరు ఫర్కార్ మడగాస్కర్ రాజు రదామాతో 1817లో బానిసల ఎగుమతి ఆపే ఒప్పందం చేసుకున్నాడు. చెప్పుకోవడానికి గొప్ప పని. అదే ఫర్కార్, రాత్రిపూట ఒడ్డుకు చేరుతున్న బానిసల పడవల మీద చూసీ చూడనట్టు ఉన్నాడన్న ఆరోపణ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది.

తోటల యజమానుల బలం ఎంతో తెలియాలంటే 1832 చూడాలి. బానిసత్వానికి వ్యతిరేకి అయిన జాన్ జెరెమీ అనే న్యాయవాదిని లండన్ ప్రభుత్వం ద్వీపానికి ప్రాసిక్యూటర్ జనరల్‌గా పంపింది. యజమానులు దుకాణాలు మూసేశారు, ఆయుధాలు పట్టారు. గవర్నరు కొల్విల్ భయపడి జెరెమీని తిరుగు ఓడ ఎక్కించాడు. ముప్ఫై ఆరేళ్ల కిందట ఫ్రెంచి జెండా కింద జరిగిందే ఇంగ్లీషు జెండా కింద మళ్లీ జరిగింది. యజమానుల నాయకుడు ఆద్రియాన్ దెపినే విగ్రహం పోర్ట్ లూయీ తోటలో నిలబెట్టారు. చివరికి 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం కింద 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. యజమానులకు! బానిసలకు వచ్చింది మరికొన్నేళ్లు పాత యజమాని దగ్గరే పనిచేయాలన్న నిబంధన.

ఇక్కడి నుంచి కథలోకి మనవాళ్లు వస్తారు. 1834 నవంబరులో అట్లాస్ ఓడ మీద కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. ఆ తర్వాత లక్షల్లో వచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లు మద్రాసు, విశాఖపట్నం, కోరంగి రేవుల్లో ఓడెక్కారు. 1843లో వెళ్లిన ‘కోరింగా ప్యాకెట్’ ఓడను అక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎందుకు వెళ్లారంటే చెప్పడం కష్టం కాదు. 1832-33 నందన కరువు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. 1839 ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. కాటన్ ఆనకట్ట ఇంకా కట్టలేదు. తినడానికి లేనివాడికి నెలకు 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు అంటే చిన్న మాట కాదు. వాళ్లు అక్కడికి తీసుకెళ్లింది సింహాద్రి అప్పన్నను, అమ్మోరు పండగను, రామభజనను. ఉగాది ఇవాళ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

ఆ 5 రూపాయలు చేతికి ఎంత వచ్చేవో చూద్దాం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. జ్వరం వచ్చినా అంతే. నెలలో ఆరు రోజులు మంచం పడితే పన్నెండు రోజుల జీతం పోయినట్టే. జీతాలు నెలల తరబడి బాకీ పెట్టేవాళ్లు. ఐదేళ్ల ఒప్పందం పూర్తి చేసి, ఇక నా బతుకు నేను బతుకుతాను అనుకున్నవాడిని కూడా వదల్లేదు. 1867లో, హెన్రీ బార్క్‌లీ గవర్నరుగా ఉండగా వచ్చిన చట్టం ప్రకారం అలాంటివాళ్లు తమ ఫొటో అంటించిన పాస్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. పొరుగు జిల్లాలో బంధువును చూడటానికి వెళ్లి, పాస్ ఇంట్లో మరిచిపోతే దేశదిమ్మరి కింద జైలు. అదే ఏడాది మలేరియా వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. శవాలు లేస్తున్న ఊళ్లో పోలీసులు పాస్‌లు తనిఖీ చేస్తున్నారు. ఆ పాస్‌ల ఫొటోలు, ఓడల వారీ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. గవర్నర్ల జీవితచరిత్రల కన్నా ఆ రిజిస్టరులో ఒక్క పేజీ నాకు ఎక్కువ చెబుతుంది.

ఈ పరిస్థితుల్లో 1871లో ఆర్థర్ గోర్డన్ వచ్చాడు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు, రాజరత్నం మొదలియార్ సాయంతో, పాత కూలీల కష్టాల మీద అర్జీ రాయించాడు. 9,401 మంది సంతకాలు, వేలిముద్రలు. గోర్డన్ దాన్ని చెత్తబుట్టలో వేయలేదు. తెల్ల యజమానులు ప్లెవిట్జ్‌ను నడివీధిలో కొట్టారు, ద్వీపం నుంచి వెళ్లగొట్టమని గవర్నరు మీద ఒత్తిడి తెచ్చారు. గోర్డన్ ఒప్పుకోలేదు. పోలీసుల వేటలను కట్టడి చేశాడు, లండన్ నుంచి విచారణ కమిషన్ రావడానికి కారణమయ్యాడు. 1875లో వచ్చిన ఆ నివేదిక తోటల యజమానుల బండారమంతా బయటపెట్టింది. గోర్డన్ మాజీ ప్రధాని లార్డ్ అబర్డీన్ కొడుకు. ఉద్యోగం ఊడుతుందన్న టెన్షన్ లేని మనిషి కాబట్టే అంత నిలబడ్డాడని నా అనుమానం. అయినా నిలబడ్డాడు, అది కాదనను.

తర్వాత ఏమైంది? 1875లో ఆయన ఫిజీకి మొదటి గవర్నరుగా వెళ్లాడు. అక్కడి ఆదివాసుల భూములు, ఊళ్లు చెదిరిపోకూడదని పట్టుబట్టాడు. మరి తోటల్లో ఎవరు పనిచేయాలి? 1879లో భారతీయ ఒప్పంద కూలీల మొదటి ఓడ ఫిజీ చేరింది. అది గోర్డన్ తెచ్చిన ఏర్పాటే. ట్రినిడాడ్‌లో ఈ పద్ధతిని చూశాడు, మారిషస్‌లో దాని అసలు రంగు చూశాడు, 9,401 మంది మొర విన్నాడు. అన్నీ చూసిన తర్వాతే ఇంకో సముద్రంలోని ద్వీపానికి దాన్ని మోసుకెళ్లాడు. తర్వాతి రోజుల్లో తెలుగు కూలీలు కూడా అక్కడికి వెళ్లారు.

దీన్ని కపటమని తోసేస్తే సులువుగా అయిపోతుంది. కానీ నాకు అలా అనిపించదు. గోర్డన్‌కు కూలీల మీద నిజంగానే జాలి ఉంది. ఆయన దృష్టిలో తప్పు యజమానుల దురాశది, పోలీసుల అతిది. ఒప్పందం పద్ధతిది కాదు. చట్టం సరిగా నడిపే గవర్నరు ఒకడుంటే చాలు, అంతా సర్దుకుంటుందని అనుకున్నాడు. మంచి గవర్నరు కోసం వెతికేవాళ్లందరూ అనుకునేది కూడా సరిగ్గా అదే. అందుకే నాకు ఆ ప్రశ్నంటే పడదు.

మనుషుల వల్ల ఏ తేడా రాలేదా అంటే, వచ్చింది. పోప్ హెనెస్సీ 1883లో వచ్చి, మారిషస్ మారిషస్ వాళ్లదే అన్నాడు. 1885లో ఎన్నికైన సభ్యులకు శాసన మండలిలో చోటు దొరికింది. ఇంగ్లీషు అధికారులకు అది గిట్టక ఆయన్ను సస్పెండ్ కూడా చేయించారు; లండన్ వెళ్లి పోట్లాడి తిరిగొచ్చాడు. ఆయన విగ్రహమూ ఉంది, ఆయన పేరు వీధీ ఉంది. అయితే ఆ రాజ్యాంగం కింద ఓటు ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్లకే. మూడున్నర లక్షలకు పైబడిన జనంలో ఓటర్లు సుమారు 4 వేలు. జనాభాలో మూడింట రెండు వంతులున్న భారతీయుల్లో ఓటున్నవాళ్లు కొన్ని వందలే. మారిషస్ వాళ్లు అన్నప్పుడు హెనెస్సీ కళ్ల ముందు ఎవరున్నారో ఆ అంకెలే చెబుతున్నాయి.

1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరేల్ తోటలో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. వాళ్లలో అంజలై కుప్పన్ నిండు గర్భిణి. అప్పటి గవర్నరు మెకెంజీ కెనెడీ పేరు ఇవాళ ఆ దేశంలో ఎవరికీ పెద్దగా గుర్తులేదు. అంజలై పేరు మీద స్టేడియం ఉంది.

ఆ తర్వాత నాలుగేళ్లకు వచ్చిన కొత్త రాజ్యాంగంలో ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చదవడం, రాయడం వస్తే ఓటు హక్కు ఇచ్చారు. ఇక ఊరూరా బైఠకాల్లో, అంటే భారతీయులు ఊళ్లో కూడుకునే చోట్లలో, రాత్రి బడులు నిండిపోయాయి. భారతీయుల నాయకులైన బిసూన్‌దయాల్ సోదరుల కార్యకర్తలు కూలీలకు అక్షరాలు దిద్దించారు. పగలంతా చెరకు కొట్టినవాళ్లు రాత్రి లాంతరు ముందు కూర్చుని సొంత పేరు రాయడం నేర్చుకున్నారు. ఓటర్లు సుమారు 12 వేల నుంచి 70 వేలు దాటారు. 1948 ఎన్నికల్లో 19 స్థానాలకు గాను యజమానుల వర్గం నుంచి ఒక్కరే గెలిచారు.

ఫలితాలు చూశాక మెకెంజీ కెనెడీ శాసన మండలిలో తన చేతిలో ఉన్న నామినేటెడ్ స్థానాలు పన్నెండూ నింపాడు. ఎక్కువమంది ఎన్నికల్లో ఓడినవాళ్ల పక్షం వాళ్లే. లెక్క మళ్లీ సరిపోయింది. 1953లో లేబర్ పార్టీ గెలిచినప్పుడు, అప్పటికి వచ్చిన ఇంకో గవర్నరు హిలరీ బ్లడ్ కూడా అదే చేశాడు.